చల్లబడిన అల్మారా

ఆర్విల్ హాగెన్ శవం గది తలుపుకు మూరెడు దూరంలో దొరికింది.

చెయ్యి గడియ వైపు చాచి ఉంది. ఎనభై దాటిన మనిషి, పొగలో లేచి అంతదూరం పాక్కుంటూ వచ్చాడు. అలారం మోగి ఉంటే ముందే మేలుకునేవాడు, బతికేవాడు. అది మోగలేదు.

ఆల్డర్ ఫాల్స్‌లోని ఆ వృద్ధాశ్రమానికి మార్లిస్ ట్వైట్ మూడోరోజు ఉదయం వచ్చింది. రాష్ట్రంలో అగ్నిప్రమాదాల విచారణ ఆమె ఉద్యోగం. మినసోటాలో జనవరి చలి. కారు దిగి లోపలికి వచ్చేలోపే ముక్కు మొద్దుబారింది.

మేనేజర్ బ్రెంట్ లిండాల్ కాఫీ సిద్ధంగా పెట్టాడు. కాఫీతోపాటు నేరస్తుణ్ణి కూడా సిద్ధంగా పెట్టాడు. అలారం బిగించిన డ్యూయేన్ స్కోగ్లండ్.

"ఇక్కడి అడాప్టర్లన్నీ కొత్తవి పెట్టించాను మేడమ్. కరెంటు ఆదా నిబంధనకు సరిపోయేవి. పనిలేనప్పుడు కరెంటు తాగవు. అలారానికి మాత్రం డ్యూయేన్ పెట్టిన పాతదే ఉండిపోయింది. ఎప్పుడు ముట్టుకున్నా వేడిగానే ఉంటుంది. అలాంటిది మొరాయించక ఏం చేస్తుంది?"

అతని తలకు పైన గోడమీద పచ్చటి ఫ్రేములో ఒక ప్రశంసాపత్రం. కరెంటు ఆదాలో జిల్లాకే ఆదర్శమట. ముసలాయన చచ్చిపోయి మూడురోజులైనా దాన్ని తీయలేదు. మార్లిస్‌కు ఒళ్లు మండింది.

అలారం పెట్టె వంటగది పక్కనున్న చిన్న అల్మారాలో ఉంది. పొగ అక్కడిదాకా వచ్చింది. గోడలన్నీ మసి. కింద ప్లగ్గులో ఇటుకంత నల్లటి అడాప్టర్. దానిమీద డ్యూయేన్ అంటించిన చీటీ: అలారం కోసం, తీయవద్దు. చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది. పైన ఒక ఖాళీ అర.

భోజనాల హాల్లో డ్యూయేన్ టోపీ మోకాళ్లమీద పెట్టుకుని కూర్చున్నాడు. హాలు అవతలి కొసన ఆర్విల్ కూతురు ఆర్లీన్. నిన్న చర్చి బయట అందరి ముందూ, మా నాన్నను నువ్వే చంపావని అతని మొహానే అనేసింది. అతని లైసెన్సు అప్పుడే ఆపేశారు. ఊళ్లో తలెత్తుకునే వీలు లేదు.

"నిబంధనకు సరిపోనిది ఎందుకు పెట్టారు?" అని మార్లిస్ డ్యూయేన్‌ను అడిగింది.

"సరిపోతుంది మేడమ్. ఫోన్ ఛార్జరుకు పనిలేని వేళంటూ ఉంటుంది. అలారానికి ఉండదు. అది ఎప్పుడూ మేలుకునే ఉండాలి. అందుకే పనిలేనప్పుడు కరెంటు తాగకూడదన్న షరతు నుంచి అలారాలకు మినహాయింపు ఇచ్చారు."

"ఆఖరిసారి ఎప్పుడు మోగించి చూశారు?"

"నవంబర్లో. కుక్కలు కూడా అరిచాయి."

"మరి ఆ రోజు ఎందుకు మోగలేదు?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు," అన్నాడు.

మార్లిస్ వంటగదిలోకి వెళ్లింది. వంటమనిషి లవాన్ యాలకుల రొట్టె చేస్తోంది. అల్మారాలో ఆ ఖాళీ అర దేనికని మార్లిస్ అడిగింది.

పిండి పొంగడానికట. చలికాలంలో ఈ ఇంట్లో వెచ్చగా ఉండే చోటు అదొక్కటే. గిన్నె అక్కడ పెడితే పిండి తెల్లారేసరికి అంచు దాటేది.

"ఈమధ్య మాత్రం నా పరువు తీసింది. క్రిస్మస్ అయిన దగ్గర్నుంచీ పిండి రాయిలా ఉండిపోయింది. ఈస్టు చచ్చిందనుకుని రెండుసార్లు మార్చాను. నా చేతి గుణమే పోయిందనుకున్నా."

"ఇప్పుడు?"

"నిన్నటి నుంచి మళ్లీ బాగా పొంగుతోంది. చావు జరిగిన ఇంట్లో రొట్టె గురించి ఏం మాట్లాడతామని ఊరుకున్నా."

మార్లిస్ వంగి ఆ గిన్నెలో పొంగిన పిండిని చూసింది. తర్వాత అందరినీ అల్మారా దగ్గరికి రమ్మంది.

"ఈ అడాప్టర్ ఎన్నడూ మార్చలేదన్నారు కదూ, మిస్టర్ లిండాల్?"

"ఎన్నడూ మార్చలేదు."

ఆమె దాన్ని ప్లగ్గులోంచి లాగింది.

ఇటుకంత వస్తువు మంటల వేళ అక్కడే ఉంటే దాని వెనక గోడ ఇటుకంత మేర తెల్లగా ఉండాలి. అక్కడ మసి ఉంది. ఆ మసి మధ్యలో అగ్గిపెట్టెకు కాస్త పెద్దదిగా తెల్లటి చదరం ఒకటి మిగిలింది. ముందు తనిఖీకి వచ్చినవాళ్లు అడాప్టర్ని చూశారు, వెనక్కి చూడలేదు.

మార్లిస్ హాల్లోని దీపానికున్న కొత్త అడాప్టర్ పీకి తెచ్చింది. ప్లగ్గులో పెట్టింది. తెల్లటి చదరం దానికింద పూర్తిగా దాగిపోయింది.

"క్రిస్మస్ తర్వాత దీన్ని పెట్టారు. అల్మారా చల్లబడింది, పిండి పొంగలేదు. మనిషి చచ్చాక భయపడి పాతది మళ్లీ తగిలించారు."

"నిబంధన ఉంది కదా అని..." అన్నాడు బ్రెంట్.

"చీటీ మీ కళ్లకు కనబడలేదా? ఆ నిబంధన రాసినవాళ్లే దీన్ని వదిలేయమన్నారు. మీకు ఫ్రేము కావాలి, అంతే."

పెట్టెలో బ్యాటరీ ఉంది కదా, కరెంటు లేకపోయినా మోగాలి కదా అని ఆర్లీన్ అడిగింది. ఈ చిన్నది ఇచ్చే కాస్త కరెంటుతో బ్యాటరీ నిండదని, ఉన్న కాస్తా రెండు వారాల్లో కారిపోయి ఉంటుందని డ్యూయేన్ చెప్పాడు. మార్లిస్ అతన్ని ఆ చిన్నదాన్నే ఉంచి, బ్యాటరీ తీగ ఊడదీసి అలారం మోగించమంది.

సైరన్ కుయ్‌మని గొంతు నొక్కినట్టు ఆగిపోయింది.

ఆ రోజు ఆర్విల్‌కు వినబడింది ఇంతే. అదైనా వినబడిందో లేదో.

డ్యూయేన్ పాతది తగిలించి మళ్లీ నొక్కాడు. భవనమంతా దద్దరిల్లింది. గదుల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. కర్రలు పట్టుకుని, నడకబండ్లు తోసుకుంటూ ముసలివాళ్లంతా బయటికి వచ్చారు. ఆర్విల్ గది తలుపొక్కటే తెరుచుకోలేదు.

బ్రెంట్ చెవులు మూసుకున్నాడు. డ్యూయేన్ ఆపబోయాడు. ఆర్లీన్ అతని చెయ్యి పట్టుకుంది.

"ఆపకు డ్యూయేన్," అంది. "బ్రెంట్‌ను విననీ."