ఎండిన కొలనులో పొడుగాటి ఫోటో

ఆ ఈతకొలను పక్కనుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. ఈత నేర్పే మనిషే అందులో మునిగిపోయాడు మరి. నీళ్ళు తోడేసి, గేటుకి తాళం వేసి ఏళ్ళయింది... అయినా లోపల ఎవరో ఈదుతున్న చప్పుడు వస్తుందంటారు.

ఆ ఈత మాస్టారు మా బాబాయే. ఇది పిన్ని చెప్పగా విన్నది. ఆవిడ తీసిన ఫోటో రీళ్ళు మాత్రం నేనే మందునీళ్ళలో కడిగాను.

ఇంట్లో ఫోటోలన్నీ బాబాయి తీసినవే. అందుకే ఒక్కదాంట్లోనూ ఆయన లేడు.

"మొహం మర్చిపోతున్నానే," అంది పిన్ని, బట్టలు మడతపెడుతూ. "ముక్కు గుర్తుంది. కళ్ళు గుర్తున్నాయి. అన్నీ కలిపితే ఆయన అవట్లేదు."

అందుకని ఒక రాత్రి ఆయన ప్లాస్టిక్ కెమెరానే పట్టుకుని కొలను దగ్గరికి వెళ్ళింది. బొమ్మలాంటిది — రీలు ఎంత తిప్పితే అంత జరుగుతుంది, ఇక చాలని ఆపేదేం ఉండదు. పూర్తిగా తిప్పకుండా తీస్తూ పోతే ఫోటోల అంచులు ఒకదాని మీద ఒకటి పడి, రీలంతా ఒకటే పొడుగాటి ఫోటో అవుతుంది. బాబాయి నేర్పిన విద్యే.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడట.

"ఈ వేళప్పుడు ఏం తీస్తావమ్మా?"

"మా ఆయన్ని."

"ఒక్కదానివే లోపలికా?"

"ఆయనున్నాడంటున్నారుగా!"

తాళం తీసి, తను మాత్రం రోడ్డు అవతలికి పోయి నిలబడ్డాడు.

వీధిదీపం వెలుగు కొలనులోకి ఏటవాలుగా పడుతోంది. పిన్ని అడుగుకి దిగి, మధ్యలో స్టూలు వేసి కెమెరా పెట్టింది. ఆయన ఎటు నిలబడతాడో తెలీదు కదా... చుట్టూ తీయాలి. వెలుగు చాలదని బటన్ కాసేపు నొక్కి పట్టుకోవడం, కాస్త రీలు తిప్పడం, కాస్త కెమెరా తిప్పడం. ఫోటోకీ ఫోటోకీ మధ్య ఖాళీ వస్తే ఆయన అందులో ఉండిపోతాడేమోనని భయం — రీలు మరీ తక్కువ తిప్పింది.

ఎవరూ కనబడలేదు. చప్పుడూ లేదు. కాళ్ళకింద పలకలు మాత్రం... తడిగా తగిలాయట.

రీలు కడిగి ప్రింటు తీశాను. పలకల గోడ, నిచ్చెన, మళ్ళీ గోడ — మధ్యమధ్యలో ఒక మనిషి. ఎక్కడ రెండు ఫోటోల అంచులు కలిశాయో సరిగ్గా అక్కడే. మొహం మీద మొహం పడి, దాని మీద పలకలు పడి... అలికేసినట్టుంది.

"నాదే తప్పు," అంది పిన్ని మెల్లగా. "ఈసారి రీలు ఎక్కువ తిప్పుతాను."

"వద్దు పిన్నీ," అన్నాను. వింటేగా!

రెండో రీలూ కడిగి ప్రింటు తీశాను. ఈసారి ఫోటోలు విడివిడిగా, శుభ్రంగా వచ్చాయి. వాటి మధ్య నల్లటి పట్టీలు — వెలుతురే తగలని చోట్లు. ప్రతి పట్టీకి ఇటుపక్క ఫోటోలో ఒక భుజం... అటుపక్క ఫోటోలో ఇంకో భుజం. మధ్యలో మొహం ఉండాల్సిన చోట నలుపే.

పిన్ని ఒక పట్టీ మీద వేలు పెట్టి రుద్దింది. మసి అనుకుందేమో, పోతుందని... రుద్దుతూనే ఉంది.