పదహారో మెట్టు మనిషి

ఉదయం షిఫ్టు దిగి నీలవేణి ఇల్లు చేరేసరికి అత్తగారు రత్తమ్మ వసారాలో గోంగూర తుంచుతోంది. ముక్కు మీద మేరదర్శిని కళ్ళజోడు ఉంది. చేతులు ఆకు మీద ఉన్నాయి గాని, కళ్ళు ఎదురుగా గాలిలో, మరెవరికీ కనిపించని చదరంగపు బల్లను చూస్తున్నాయి.

"కాళ్ళు కడుక్కుని రావే. నల్ల ఏనుగు మూలన కూర్చుంది, కదలనంటోంది."

"ఏ మూల అత్తయ్యా? బల్లకు మూలలు నాలుగు."

"వంటింటి వైపు."

నీలవేణి చెక్కబల్ల తెచ్చి అత్తగారు చెప్పినట్టు పావులు పేర్చింది. పేర్చిన మరుక్షణమే తెల్ల ఏనుగును ముందుకు తోసింది.

"అంత తొందరేంటి? బస్సు పోతోందా?"

"రాజుకు గురి పెట్టాను గదా."

"పెట్టావులే. పక్కకు జరిగి నిన్ను చూసి నవ్వుతాడు. వాడి దగ్గర మంచి ఎత్తులు అయిపోయినాయి. నువ్వు ఊరికే ఒక అడుగు వేసి కూర్చో. వాడే చెడ్డ ఎత్తు వేస్తాడు."

నీలవేణి రాజును ఒక గడి జరిపి చూసింది. నల్లవాళ్ళు ఏది కదిపినా ఏదో ఒకటి పోతుంది. రత్తమ్మ ఆ ఎత్తును దర్శినికి చెప్పి మళ్ళీ గోంగూర అందుకుంది.

బడుల్లో చదరంగం తప్పనిసరి పాఠం అయిన తరువాత చీరాలలో మేరదర్శిని లేని ఇల్లు లేదు. అంతకుముందు ఎవరి పుస్తకం వాళ్ళే ఎంచుకునేవాళ్ళు. కొత్తగా నేర్చుకునేవాడు గొప్ప ఆటగాళ్ళ ఆటల పుస్తకం కొని నాలుగో పేజీ దగ్గర ఆగిపోయేవాడు. కాస్త వచ్చినవాడు తనకు తెలిసిన చదరంగపు లెక్కలే మళ్ళీ మళ్ళీ చేసి సంతోషపడేవాడు. ఈ కళ్ళజోడు ఆ ఇబ్బంది తీసేసింది. లెక్క చూసినప్పుడు కనుపాప ఎంత విచ్చుకుంది, చూపు ఏ గడి దగ్గర ఆగింది, జవాబుకు ఎంతసేపు పట్టింది, అన్నీ గమనించి మనిషి మెట్టు తేలుస్తుంది. ఆ మెట్టుకు సరిపోయే మేరపాఠాన్నే చూపిస్తుంది. పది లెక్కల్లో ఏడు వస్తాయి, మూడు రావు. అంతకన్నా కష్టమైనది గాని తేలికైనది గాని కంటికి ఆనదు.

దర్శిని మనిషికొకటి చొప్పున ఇచ్చారు. రత్తమ్మ ఇంట్లో మాత్రం కార్డుకొకటి అనుకున్నారు. రేషనూ నీళ్ళూ కార్డు మీదే వస్తాయి కనుక దీన్నీ అలాగే అనుకుని, కార్డు రత్తమ్మ పేరున ఉంది కాబట్టి ఆమె పేరున ఒకటి తెచ్చుకున్నారు. కనుపాప ముద్రలు నిల్వ చేయకూడదని చట్టం ఉండటం వల్ల, పెట్టుకున్నది ఎవరో ఆ పరికరానికి తెలియదు. పొద్దున ఓపికగా ఆట చివరి ఘట్టాలు విప్పే మనిషీ, మధ్యాహ్నం దూకుడుగా దాడులు చేసే మనిషీ దాని లెక్కలో ఒక్కరే. అందుచేత అది ఇచ్చే పాఠం వాళ్ళిద్దరిలో ఎవరికీ పూర్తిగా సరిపోయేది కాదు. అత్త కోడల్ని అడగాలి, కోడలు అత్తను అడగాలి. మూడేళ్ళుగా అలాగే సాగింది. ఆ ఏడాది మార్చికి ఖాతా పదహారో మెట్టుకు చేరింది.

బడిలో చదరంగం పంతులమ్మ ఉద్యోగానికి పదహారో మెట్టే అర్హత. రొయ్యల ఫ్యాక్టరీ చల్లగదిలో తొమ్మిదేళ్ళు నిలబడి నీలవేణి వేళ్ళకు స్పర్శ తగ్గుతోంది. ఈ ఉద్యోగం వస్తే ఆ గదిలోకి వెళ్ళనక్కరలేదు. దరఖాస్తు పెట్టింది. ఏప్రిల్‌లో మెట్టు ధ్రువీకరించడానికి పర్వీన్ అనే అధికారిణి ఇంటికి వచ్చింది. నీలవేణిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి పరీక్షించింది. పద్నాలుగు వచ్చింది. అనుమానం వచ్చి రత్తమ్మను కూడా కూర్చోబెట్టింది. పదకొండు.

పర్వీన్ కాసేపు రెండు అంకెలనూ చూసింది. "ఈ ఇంట్లో పదహారో మెట్టు మనిషి లేరమ్మా."

"మేం ఇద్దరం ఉన్నాం గదమ్మా," అంది రత్తమ్మ.

"ఇద్దరికీ కలిపి ఒక ఉద్యోగం ఇవ్వరు పెద్దమ్మా. మోసం చేశారని నేను రాయను. తెలియక చేశారు. మీకొకటి, ఆవిడకొకటి తెప్పిస్తాను. సొంత మేరపాఠం చదివితే ఆవిడ నవంబరుకు పదహారుకు వస్తుంది. దర్శిని చెప్పిన తేదీ తప్పదు."

"నాకెందుకమ్మా ఇంకొకటి?"

"మీ మేర మీది."

కొత్త దర్శినులు వచ్చాయి. నీలవేణి చెప్పినట్టే చదివింది. తెల్లవారుజామున ఒక గంట, షిఫ్టు అయ్యాక రెండు గంటలు. ఏ లెక్కా అత్తగారిని అడగవలసినంత కష్టంగా లేదు. రాని మూడింటికీ సరైన ఎత్తును దర్శినే చూపించేది. అవతల రత్తమ్మ కూడా తన పాఠం తాను చేసుకునేది. పావులు పేర్చే పని లేకపోవడంతో చెక్కబల్ల మీద కూరల బుట్ట పెట్టుకున్నారు. తగవులు లేవు. నీలవేణి భర్త కూడా ఇల్లు ప్రశాంతంగా ఉందన్నాడు.

నవంబరు రెండో వారంలో పదహారో మెట్టు వచ్చింది. రత్తమ్మ కూడా పదమూడుకు ఎక్కింది.

ఉద్యోగానికి చివరి పరీక్ష బడిలోనే పెట్టారు. దాన్ని పర్వీనే నడిపింది. రెండో తరగతి పిల్లను ఒకదాన్ని ఎదురుగా కూర్చోబెట్టి, బల్ల మీద ఒక తెల్ల రాజు, ఒక తెల్ల బంటు, ఒక నల్ల రాజు పెట్టింది. నీలవేణి తెల్ల రాజును బంటుకు ముందుగా నడిపించింది.

"బంటు చివరికి పోతే మంత్రి అవుతుంది గదా టీచర్. దాన్ని నడపకుండా రాజునెందుకు నడుపుతున్నారు?" అని అడిగింది పిల్ల.

"అదే సరైన ఎత్తమ్మా."

"ఎందుకని?"

నీలవేణి తరువాతి ఎత్తులన్నీ గబగబా వేసి చూపించింది. ఒక్కటీ తప్పు లేదు. పిల్ల బల్లనూ ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూసి, "అయితే ఎందుకని?" అని మళ్ళీ అడిగింది. నీలవేణి పావులను మొదటి చోట్ల పెట్టి మళ్ళీ అవే ఎత్తులు వేసింది. ఏడు నెలలుగా ఆమె ఏ ఎత్తునూ ఎవరికీ మాటల్లో చెప్పలేదు. పర్వీన్ కాగితం మీద ఏదో రాసుకుని, "వచ్చే ఏడు మళ్ళీ రండి నీలవేణి గారూ," అంది. ఆ మాట చెప్పడం ఆమెకూ కష్టంగానే ఉంది.

ఇంటికి వచ్చి నీలవేణి కూరల బుట్ట దించి, చెక్కబల్ల తుడిచి, ఆ మూడు పావులూ పెట్టింది.

"అత్తయ్యా, ఇక్కడ రాజెందుకు ముందు నడవాలి?"

రత్తమ్మ దర్శిని తీసి బల్లను చూసింది. "రాజే నడవాలి."

"ఎందుకో చెప్పండి. మీరైతే ఇట్టే చెప్పేవాళ్ళు."

"నువ్వడిగితే చెప్పేదాన్ని. ఈ దర్శిని అడగదు గదే. నేను వేస్తాను, బాగుందంటుంది, ఇంకోటి చూపిస్తుంది." ఆమె రాజును ఒక గడి ముందుకు జరిపి మళ్ళీ వెనక్కి పెట్టింది. "ఉండు. నువ్వు వెనకటి లాగా తొందరపడి వెయ్యి. అప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. తిట్టేటప్పుడు అదే వస్తుందేమో."

నీలవేణి బంటును ముందుకు తోసింది.

రత్తమ్మ తిట్టడానికి నోరు తెరిచి, కోడలి ముఖం చూసి ఆగిపోయింది.

"తప్పని తెలిసే వేశావు. దీన్నేమని తిట్టను?"

నీలవేణి బంటును వెనక్కి తీసి మళ్ళీ తోసింది. మొద్దుబారిన వేళ్ళ కింద అది కాస్త వంకరగా నిలబడింది. రత్తమ్మ దాన్ని సరిచేసి తల అడ్డంగా ఊపింది. ఇద్దరికీ సరైన ఎత్తు తెలుసు. అది తెలియక తప్పు వేసేవాళ్ళు ఇప్పుడు ఆ ఇంట్లో లేరు.