గాలి సోకని మేడ

చేసిన తప్పును చేయలేదని బుకాయించే మొగుళ్ల గురించి ఏడ్చుకుంటూ వచ్చిన ఆడవాళ్లను డిటెక్టివ్ సుబ్బరాయుడు తన ఇరవై ఆరేళ్ల వృత్తిలో లెక్కలేనంతమందిని చూశాడు. చేయని తప్పు చేశానని ఒప్పుకున్న మొగుడి కోసం వణికిపోతూ వచ్చినావిడ మాత్రం రాజరాజేశ్వరి ఒక్కతే.

రాయదుర్గం మెట్రో స్టేషనుకు కూతవేటు దూరంలో, అద్దాల మేడల వెనక, జిరాక్సు షాపు పైన ఆయన ఆఫీసు. వాన వెలిసిన పొద్దుట పూట ఆవిడ మెట్లెక్కి వచ్చి, కుర్చీ అంచున కూర్చుంది. అసిస్టెంట్ రేణుక మంచినీళ్లిస్తే గ్లాసు పట్టుకుందే గానీ తాగలేదు.

"మావారి పేరు సుబ్రహ్మణ్యం అండి. మాది సామర్లకోట. ఇప్పుడు బాచుపల్లిలో ఉంటున్నాం. ఈ వెనక వీధిలో బొమ్మ మేడలు కట్టే స్టూడియో ఉంది చూడండి, అందులో ఆయన పెద్ద పనివాడండి."

"బొమ్మ మేడలంటే? బిల్డర్లు ఫ్లాట్లు అమ్ముకునేదానికి ముందర పెట్టేవా?"

"అవేనండి. తెల్లాపూర్లో ఎవరో కడుతున్న టవర్లకి నమూనా చేశారు. ఏడు నెలలు కూర్చున్నారు దాని మీద. పోయిన శుక్రవారం అది పట్టుకెళ్లాలి. పొద్దున చూస్తే కిటికీల అద్దాలన్నీ తెల్లగా బూజు పట్టినట్టు అయిపోయాయట. పైన కప్పిన పారదర్శకపు మూత కూడా అంతే. ఎవరు చేశారంటే ఈయన లేచి, నేనేనండి, నా అజాగ్రత్త అన్నారట. అక్కడికక్కడే రాజీనామా రాసిచ్చి వచ్చేశారు."

"మరి ఆయనే చేసినాడేమో, తల్లీ?"

"ముప్ఫై ఎనిమిదేళ్ల పనితనమండి!" ఆవిడ గొంతు పైకి లేచింది. "ఇంట్లో కప్పు పిడి అతికించినా ఫ్యాను వేసి రాత్రంతా తెరిచి పెట్టే మనిషి. సూపర్ గ్లూ ఆవిరికి మూత పెడితే తెల్లపొగ కమ్ముతుందని నాకే వందసార్లు చెప్పారు. ఆయన ఆ తప్పు చేయరండి. పోనీ మనసు విప్పి చెబుతారా అంటే, మాటే లేదు. సరిగ్గా తినడం లేదు. ఈమధ్య కాఫీ కూడా సగం గ్లాసే పొయ్యమంటున్నారు, షుగరొస్తుందట. నిన్న పనిముట్ల పెట్టె మొత్తం పాత సామాన్ల వాడికి ఇచ్చేశారు. నాకు భయంగా ఉందండి. ఎవరి కోసం ఒప్పుకున్నారో చెప్పండి చాలు."

ఆవిడ వెళ్లాక రేణుక అంది. "గదేంది సార్, గ్లూ పూస్తే తెల్లగైతదా?"

"అది ఆషామాషీ జిగురు కాదు రేణుకమ్మా. మా ఊర్లో ఓబులేసు అని ఒకడుండె. కుర్చీ కాలు విరిగితే ఈ జిగురు పూసి, గట్టిగా పట్టేదానికి దాని మీదనే కూర్చున్యాడు. లేచేదానికి రాలేదు. ఆ రోజే సర్పంచి నామినేషన్లు. కుర్చీతో సహా పోయి వేసొచ్చినాడు. కుర్చీ వదలని మనిషి అని జనం గెలిపించినారు."

"ఎన్నేండ్లున్నడు సార్ సర్పంచిగ?"

"కుర్చీ ఇరిగేదాకా."

మూడేళ్లుగా వింటున్న రేణుక ఆయన కోతల్లో సగం నమ్మదు. కానీ ఆయన కోత కోసిన రోజు కేసు లోతైనదని ఆమెకు తెలుసు. కష్టం తోచినప్పుడే ఆయనకు ఓబులేసు గుర్తొస్తాడు.

స్టూడియో యజమాని జశ్వంత్‌కు ముప్ఫై దాటి ఉండవు. కళ్ల కింద నిద్రలేమి. "ఆర్డర్ పోయింది సార్. బిల్డర్ వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. నేను కంప్లయింట్ కూడా ఇవ్వలేదు. ఆయనే ఒప్పుకున్నాక ఇంకేం చేస్తాను?"

"ఒప్పుకున్నాక నువ్వేమన్నావు నాయనా?"

జశ్వంత్ నేల చూశాడు. "కోపంలో ఏదో అన్నాను. చేతకానివాళ్లు ఇంట్లో కూర్చోవాలన్నాను. అందరి ముందూ."

మూలన దుప్పటి కప్పిన బల్ల ఉంది. ఊడ్చే అమ్మణ్ణి దాని కాలికి నిమ్మకాయ కట్టింది. "గాలి సోకిందయ్యా దీనికి. సాయంత్రం నిగనిగలాడింది, తెల్లారేసరికి పాలిపోయింది. ఇంకేమిటంటారు?"

"గాలి సోకిందా!" సుబ్బరాయుడు ఆమెను ఎంతో మర్యాదగా చూశాడు. "మంచి మాట చెప్పినావమ్మా. నిమ్మకాయ ఉండనీ."

దుప్పటి తీశారు. మంచమంత బల్ల మీద ఐదు టవర్లు, చీపురుపుల్లంత చెట్లు, గోరంత కార్లు. అద్దాలన్నిటి మీద సన్నటి తెల్లపొర. రేణుకకు మంచు కురిసిన తెల్లాపూర్ లాగా కనిపించింది. పెద్ద మూత లోపలి పక్కా అంతే తెలుపు. ముందువైపు మాత్రం అరచేయంత మేర ఎవరో గుడ్డతో తుడిచినట్టు తేటగా ఉంది.

సుబ్బరాయుడు భూతద్దం తీసి మూడో టవర్ వైపు వంగాడు. ఏడో అంతస్తు బాల్కనీ కమ్మీ దగ్గర ఆగాడు. రెండు టవర్ల మధ్య వేలు పట్టేంత సందు. "రేణుకమ్మా, చూడు. ఏం కనిపిస్తాంది?"

"కమ్మీ కింద గ్లూ చుక్క. ఆవగింజంత లేదు సార్. చానా సాఫ్‌గ పెట్టిన్రు. పక్కన అద్దం మీద..." ఆమె ఊపిరి బిగబట్టింది. "వేలిముద్ర! తెల్లగ. నడుమ అడ్డంగ ఒక గీత."

గోడ మీద నీలి సిరాతో, అందమైన అక్షరాల్లో కాగితం ఉంది: గాజు ముక్కకు తెల్ల జిగురే. తప్పనిసరై సూపర్ గ్లూ వాడితే సూదిమొన మీద నిలిచినంతే. అతికించాక ఫ్యాను. తెల్లారేదాకా మూత వద్దు. కింద 'సు' అని సంతకం.

పక్క బల్ల దగ్గర హరిత అనే అమ్మాయి కాగితపు ఆకులు కత్తిరిస్తోంది. సుబ్రహ్మణ్యం దగ్గరే ఐదేళ్లు పని నేర్చుకుందట. కళ్లు వాచి ఉన్నాయి. సుబ్బరాయుడు అడిగితే కత్తెర అందించింది. ఆమె చూపుడువేలి కొసన అడ్డంగా పాత తెగుడు మచ్చ రేణుక కంటపడింది.

"గురువారం చివరికి ఎవరు పోయినారమ్మా?"

"నేనూ సారూ కలిసే వెళ్లాం. ఆరూ నలభైకి. వాన. నా దగ్గర గొడుగు లేదు. స్టేషన్ దాకా ఆయన గొడుగులోనే."

"ఆయన అంతసేపు ఉన్నారా?"

"లేదు. ఐదున్నరకే వెళ్లిపోయారు. క్యారేజీ మర్చిపోయానని మళ్లీ వచ్చారు."

"వీళ్లు పోగానే కిటికీలన్నీ బిగించి తాళం వేశాను," అంది అమ్మణ్ణి. "ఏసీ కూడా ఆపేశాను."

మర్నాడు మధ్యాహ్నం సుబ్బరాయుడు అందరినీ ఆ బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. సుబ్రహ్మణ్యం భార్య బలవంతం మీద వచ్చాడు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చొక్కా, కుడిచేయి మడిచిన తువ్వాలు కింద.

"ఇది పగతో చేసిన పని కాదు," మొదలుపెట్టాడు సుబ్బరాయుడు. "సూపర్ గ్లూ ఆరేటప్పుడు ఆవిరి లేస్తుంది. బయటికి పోయే దారుంటే పోతుంది. మూత బిగిస్తే, అందులోనూ వానాకాలం చెమ్మలో, చుట్టూ ఉన్న అద్దాల మీదనే కూర్చుంటుంది. వేలి జిడ్డు ఉన్నచోట ఇంకా చిక్కగా. పోలీసులు వేలిముద్రలు పట్టేదానికి ఇదే ఆవిరి పెడతారు. అమ్మణ్ణి గాలి సోకిందనింది. నిజానికి గాలి సోకకపోవడమే దీని రోగం."

"అది నేనే చేశానని చెప్పాను కదండీ," అన్నాడు సుబ్రహ్మణ్యం మెల్లిగా.

"చెప్పినారు. కానీ ఆ కమ్మీ అతికించిన చెయ్యి రాయి మాదిరి నిలకడైనది. మూత తుడిచిన చెయ్యి వేరే. అరచేయంత మేర తుడిచింది, లోపల సందులో ఉన్న ముద్ర జోలికి పోలేదు. అక్కడికి వేలు పోవాలంటే వణకకూడదు. వణికితే టవరే విరుగుతుంది." ఆయన గొంతు తగ్గింది. "సగం గ్లాసు కాఫీ షుగరు కోసం కాదు కదా సార్?"

రాజరాజేశ్వరి భర్త తువ్వాలు వైపు చూసింది. "ఒలుకుతుందనా?" అంది. "నాకు చెప్పకుండా? సగం పొయ్యమన్నప్పుడల్లా నేను నవ్వానండి."

హరిత లేచి నిలబడింది. "నేనే సార్. ఆ రోజు సాయంత్రం చూస్తే కమ్మీ వంకరగా ఉంది. సార్ చేతి పని అలా ఉండదు. నెలరోజులుగా చూస్తున్నాను, చెయ్యి... పొద్దున్నే బండి వస్తుంది. తెల్ల జిగురైతే అప్పటికి ఆరదు. అందుకే సూపర్ గ్లూతో చుక్క పెట్టాను. ఫ్యాను వేద్దామని లేచేసరికి సార్ వచ్చేశారు. ఆయన తప్పు నేను దిద్దుతున్నట్టు కనపడకూడదని మూత దించేశాను. స్టేషన్ నుంచి వెనక్కొద్దామనుకున్నాను. తాళం పడిపోయిందని గుర్తొచ్చింది."

"పొద్దున చెప్పొచ్చు కదా హరితా!" అన్నాడు జశ్వంత్.

"చెబితే ఎందుకు అతికించావని అడుగుతారు కదా సార్."

సుబ్రహ్మణ్యం ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "నేను క్యారేజీ కోసం రాలేదమ్మా. ఆ కమ్మీ సరిచేద్దామనే వచ్చాను. నువ్వున్నావు. నీ ముందు వేలు పెట్టలేక, క్యారేజీ అన్నాను. పొద్దున మూత మీద నీ వేలి మచ్చ చూసి తుడిచేశాను. ఆ తెగుడుకి కట్టు కట్టింది నేనే కదా. కమ్మీ తిన్నగా ఉంది. అంటే నీకు తెలిసిపోయింది. చేతిలో పనితనమున్న పిల్లవి, నీ పేరు చెడకూడదనుకున్నాను." "ఆ మాట సగమేలే. నా చెయ్యి సంగతి బయటపడకూడదనీ అనుకున్నాను," అన్నాడు.

ఆ గురువారం సాయంత్రం గురువూ శిష్యురాలూ ఒకే గొడుగు కింద నడిచారు, ఒకే కమ్మీని గుండెల్లో దాచుకుని. రేణుక అది తలుచుకుని కిటికీ వైపు తిరిగింది. స్టేషన్ దాకా ఐదు నిమిషాల నడక. ఒక్క మాట సరిపోయేది.

"బాబాయ్, రేపట్నుంచి రండి," అన్నాడు జశ్వంత్. "ఆ రోజు నేనన్న మాట..."

సుబ్రహ్మణ్యం తువ్వాలు తీసి చెయ్యి చాపాడు. వేళ్లు వణుకుతున్నాయి. "నువ్వన్నది నిజమే బాబూ. నాకు నేను చెప్పుకోకముందే నీ నోటి నుంచి వినడమే కష్టమైంది."

బల్ల దగ్గరికి వచ్చి, మూత వైపు వంగి చూశాడు. "ఇది పాడవలేదు. కొంచెం నూనె రాసి మెత్తటి గుడ్డతో రుద్దితే చాలావరకు పోతుంది. ఆ రోజే చెప్పాల్సింది. హరితా, నువ్వు రుద్దు."

"ఆర్డర్ పోయింది కదా సార్."

"పోతే పోయింది. ఏడు నెలలు కట్టాం. ఒకసారి తేటగా చూడనీ."

హరిత గుడ్డ తెచ్చింది. రాజరాజేశ్వరి ఆయన చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది. సుబ్బరాయుడు రేణుకకు సైగ చేసి గుమ్మం దాటాడు. మెట్ల మీద ఆమె అడిగింది. "గెలిచినట్టేనా సార్?"

"ఆయమ్మ ఎవరి కోసమని అడిగింది, చెప్పినాం," అన్నాడాయన. ఓబులేసు కథ మాత్రం రాలేదు. "వాళ్లిద్దరూ దాచుకున్నది ఒక్కటే. దాన్నే పదిమంది ముందర పెట్టినాను."

రేణుక వెనక్కి తిరిగి చూసింది. తెరిచిన తలుపులోంచి సుబ్రహ్మణ్యం గోడ దగ్గర నిలబడి కనిపించాడు. ఫ్యాను స్విచ్చి కోసం చెయ్యి చాపాడు. వేలు జారింది. మళ్లీ చాపాడు. హరిత తలెత్తకుండా రుద్దుతూనే ఉంది. మూడోసారికి స్విచ్చి పడింది. ఫ్యాను కిర్రుమని తిరగడం మొదలుపెట్టింది.