పై రెండు వరుసలు

రొక్కమోర ఊరు దాటి కనుమ ఎక్కుతుంటే ఎడంచేతి వైపు ఒక పాడుబడ్డ చర్చి వస్తుంది. పైకప్పు ఎప్పుడో కూలిపోయింది. గంట ఎవడో ఎత్తుకుపోయాడు. మేకలు కూడా అక్కడ నిలబడవని చెబుతారు గానీ అది ఒట్టి అబద్ధం, మేకలు ఎక్కడైనా నిలబడతాయి. మనుషులు మాత్రం నిలబడరు.

ఎందుకంటే చీకటి పడ్డాక ఆ గోడ దగ్గర ఎవరో గీకుతూ ఉంటారు.

గర్... గర్... ఇనుముతో రాతిని గీకుతున్న చప్పుడు. "ఎవరది?" అని కేకేస్తే ఆగిపోతుంది. జవాబు రాదు. గుండె చిక్కబట్టుకుని నాలుగడుగులు వేస్తారో లేదో — మళ్ళీ గర్... గర్...

ఆ గోడలో అక్షరాలు చెక్కిన రాయి ఒకటుంది, అది చెక్కినవాడి ఆత్మ అని కొందరన్నారు. తప్పుడు తూకాలు వేసిన ఎవడో వర్తకుడికి దేవుడు వేసిన శిక్ష అని కొందరు. ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. దగ్గరికెళ్ళి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ రాయి చర్చి కన్నా పాతది. రోముని చక్రవర్తులు ఏలిన నాటిదట. దాని మీద ఐదు వరుసలు, వరుసకి ఐదు రోమను అక్షరాలు. సాటోర్, అరెపో, తెనెట్, ఓపెరా, రోటాస్. ఎడమనుంచి చదవండి, కుడినుంచి చదవండి, పైనుంచి కిందికి, కిందనుంచి పైకి — ఎటు తిప్పినా అవే మాటలు. విత్తనాలు చల్లే రైతు గురించని ఊరి పాద్రీ అనేవాడు. అరెపో అనే మాట ఇంకెక్కడా కనబడదు, నువ్వెలా అర్థం చెబుతావని బడిపంతులు ఎగిరేవాడు. ఇద్దరూ పాతికేళ్ళు పోట్లాడుకుని, తేల్చకుండానే ఒకరి వెనక ఒకరు పోయారు.

కాపర్లకి అర్థంతో పనిలేదు. వాళ్ళకి తెలిసింది ఒకటే. పిచ్చి జంతువు కరిస్తే, పులియబెట్టని గోధుమపిండి ముద్దని ఆ రాతికి అదమాలి. అక్షరాలు పిండి మీద ఉబ్బి లేస్తాయి. ఆ రొట్టె కాల్చి, కింది మూడు వరుసలు కరిపించుకున్నవాళ్ళకి పెట్టాలి. పై రెండు వరుసలు విరిచి గుమ్మానికి కట్టాలి. వెళ్ళేవాళ్ళు రాత్రిపూట ఒంటరిగా వెళ్ళాలి. దీపం తీసుకెళ్ళకూడదు. రాతి దగ్గర నోరు విప్పకూడదు. ఆ రాత్రి అక్కడేం జరిగినా నలభై రోజులదాకా ఎవరికీ చెప్పకూడదు.

ముసలి కాపరి వెనాంజియో ఇదంతా విని నవ్వేవాడు. "ఆ రొట్టె తింటే పిచ్చి తగ్గదురా, ఆకలి తగ్గుతుంది" అనేవాడు. బరోనె కాటు తినేదాకా అలాగే నవ్వాడు.

బరోనె అతని కుక్క. తెల్లటి కొండకుక్క, మెడకి మేకుల పట్టెడ. పదకొండేళ్ళు తోడేళ్ళతో తలపడిన వీరుడు. ఆ ఏడు శరదృతువులో ఊరి మగాళ్ళంతా మందలు తోలుకుని చలికాలపు మేతకి పూలియా మైదానాలకి దిగిపోయారు, ఎప్పటిలాగే. వెనాంజియోని మాత్రం వదిలేశారు. మోకాలు వాచింది, మూడువారాల నడక తన వల్ల కాదు. "మావయ్యా, ఈసారి నువ్వు ఇంటిపట్టున ఉండు, నీ ముసలి బరోనె కూడా ఉంటాడు" అన్నారు మర్యాదగానే. మందల వెంట తిరిగిన నలభై ఆరేళ్ళలో మొదటిసారి అతను చలికాలం కొండ మీద గడపాల్సి వచ్చింది. పెళ్ళాం పోయి ఎనిమిదేళ్ళు. పిల్లల్లేరు. రోజంతా కుక్కతోనే మాట్లాడేవాడు, వాతావరణం గురించీ, సూపులో ఉప్పు గురించీ. ఆ తోడు కూడా లేకపోతే మాటలే మర్చిపోతానేమోనని భయపడేవాడు.

అలాంటి బరోనెని ఒక సాయంత్రం పెరట్లోకొచ్చిన నక్క దవడ మీద కరిచింది. ఆ నక్కనే మర్నాడు పై ఊళ్ళో కర్రలతో కొట్టి చంపారు. నోట్లోంచి నురగ కారుతోందన్నారు.

రెండ్రోజులుగా బరోనె తిండి ముట్టలేదు. మూడోరోజు పొద్దుగూకేవేళ ఊరి గార్డు సబాతీనో వచ్చాడు, భుజాన తుపాకీతో.

"తింటున్నాడా?"

"దవడ వాచింది. అందుకే..."

"తిండి మానేసిన కుక్కకి పిచ్చి పట్టినట్టే లెక్క. నీకు తెలియందేముంది, వెనాంజియో మావా? రేపు పొద్దున్న వస్తా. నా కళ్ళెదుట రొట్టె తింటే నలభై రోజులు కట్టేసి ఉంచుకో. తినకపోతే..." తుపాకీ వైపు చూడలేదు గానీ చూసినట్టే అయింది. "నాకు మాత్రం సరదా ఏంటి చెప్పు? చిన్నప్పుడు వాడి వీపెక్కి ఆడుకుంది మా పిల్ల."

అతను వెళ్ళాక వెనాంజియో గుమ్మంలోనే చతికిలబడ్డాడు. బరోనె అతని కాళ్ళ మీద తల పెట్టుకుని మూలిగింది.

"నన్ను చూసి నవ్వకు" అన్నాడు కుక్కతో. లేచి పిండి కలిపాడు.

చంద్రుడు లేడు. పిండిముద్దని తడిగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని, కర్ర పోటు వేసుకుంటూ కనుమ ఎక్కాడు. కింద ఊళ్ళో ఒక్క కిటికీలోనూ వెలుగు లేదు. మగాళ్ళు లేని ఊళ్ళో నూనె ఎవరు తగలేస్తారు? ఈ లోకంలో మెలకువగా ఉన్నది నేనూ నా కుక్కా అనుకున్నాడు.

చర్చి గోడ నల్లగా కనబడింది.

గర్... గర్...

ఆగిపోయాడు. "ఎవరది" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది — మింగేశాడు. నోరు విప్పితే రొట్టె పనిచెయ్యదు. రొట్టె పనిచెయ్యకపోతే పొద్దున్న తుపాకీ. దెయ్యం ఏం చేస్తుంది, నన్ను చంపుతుంది, అంతేగా... అని తనకి తనే సర్ది చెప్పుకుని మళ్ళీ అడుగేశాడు.

గర్... గర్...

ఒకటి కాదు. రెండు చప్పుళ్ళు. ఒకటి తన రొమ్ము ఎత్తులో. ఇంకొకటి నెత్తి మీద నుంచి, నెమ్మదిగా, బరువుగా. పాడు గోడలు చప్పుడుని తిప్పి కొడుతున్నాయిలే అనుకున్నాడు.

చెయ్యి చాచి గోడని తడిమాడు. తడి రాయి. నాచు. ఇంకొంచెం పైకి... అక్షరాల గాడి. ఇంకొంచెం పక్కకి...

చెయ్యి తగిలింది.

చల్లగా, ఎముకలు తేలి... మనిషి చెయ్యి.

పళ్ళు బిగించి కేక ఆపుకున్నాడు. ఆ చెయ్యి కూడా ఉలిక్కిపడింది. కింది గీకుడు టక్కున ఆగిపోయింది. పైది మాత్రం ఇంకో మూడుసార్లు గీకి, అప్పుడు ఆగింది. నెత్తిన టోపీ మీద పొడిపొడిగా ఏదో రాలింది.

పక్కన ఎవరిదో ఊపిరి... తనలాగే వణుకుతున్న ఊపిరి.

వెనాంజియోకి పారిపోవాలనే ఉంది. కానీ బరోనె గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని, జల్లెడంత వెడల్పు పిండిముద్దని రెండు చేతులతో ఎత్తి రాతికి ఆనించాడు. పై వరుసల కోసం ముని వేళ్ళ మీద లేవాల్సి వచ్చింది. మోకాలు కలుక్కుమంది. ముద్ద కింది అంచు జారబోతుంటే — ఆ చల్లటి చెయ్యి వచ్చి కిందనుంచి పట్టుకుంది. గట్టిగా అదిమింది. పడిపోకుండా చివరిదాకా పట్టుకునే ఉంది.

ముద్ద ఊడదీసుకుని వెనక్కి చూడకుండా వచ్చేశాడు. ఇంటికొచ్చాక గాని తను ఏడుస్తున్న సంగతి తనకే తెలియలేదు.

పొయ్యిగచ్చు మీద ముద్ద పరిచి, ఇనపమూకుడు బోర్లించి, పైన నిప్పులు కప్పాడు. టోపీ విదిలిస్తే నాచు పొడి రాలింది. తెల్లవారేసరికి రొట్టె కాలింది. కిటికీ దగ్గర పెట్టి చూశాడు. ఐదు వరుసలూ నిక్కచ్చిగా లేచాయి. కింది అంచున ఒక చిన్న చేతి ముద్ర. నాలుగు వేళ్ళే పూర్తిగా ఉన్నాయి. చూపుడువేలు సగానికి తెగిపోయింది.

రొక్కమోరలో సగం చూపుడువేలు ఉన్న మనిషి ఒక్కతే. ఊరి చివర ఇంట్లో ఉండే దొమితిల్ల. ఉన్ని దువ్వే పళ్ళచట్రంలో పెళ్ళికి ముందే పోయింది ఆ వేలు. మొగుడు పాన్‌ఫిలో పోయినప్పటినుంచీ పొద్దుగూకితే తలుపేసుకుంటుంది, తడితే పలకదు. పొగరని ఊరంతా అనుకుంది. ఆవిడ ఇంట్లో ఉంటేగా పలకడానికి!

సబాతీనో వచ్చేసరికి వెనాంజియో రొట్టె విరిచాడు. పై రెండు వరుసలు పక్కన పెట్టి, కింది మూడు వరుసలకి పందికొవ్వు రాసి, సూపులో నానబెట్టి కుక్క ముందు పెట్టాడు. బరోనె వాసన చూసింది. తల తిప్పుకుంది. వెనాంజియో ఊపిరి బిగబట్టాడు... కుక్క మళ్ళీ తల తిప్పి, చేతి ముద్ర ఉన్న ముక్కనే ముందు నాకింది. నమిలింది. నొప్పికి మూలుగుతూ మిగతాదంతా తినేసింది.

"అక్షరాల మహిమా?" అన్నాడు సబాతీనో తుపాకీ దించి.

"పందికొవ్వు మహిమ" అన్నాడు వెనాంజియో. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

నలభై రోజులు గడిచాయి. బరోనె దవడ మానింది. పిచ్చీ లేదు, ఏమీ లేదు. వెనాంజియో ఆ రాత్రి సంగతి ఒక్క ప్రాణికి కూడా చెప్పలేదు, కుక్కకి తప్ప. నలభై ఒకటో రోజు గుమ్మానికి వేలాడుతున్న రొట్టెముక్క విప్పి, జేబులో వేసుకుని, ఊరి చివరి ఇంటి తలుపు తట్టాడు. మధ్యాహ్నం కాబట్టి తలుపు తెరుచుకుంది.

నడుం వంగి నేలని చూస్తున్నట్టు నిలబడి ఉంది దొమితిల్ల. కళ్ళమీద పొరలు.

"ఎవరు?"

"నేను వదినా, వెనాంజియోని. కుక్క బతికింది."

ఆవిడ తలుపు ఇంకాస్త తెరిచింది. "చచ్చేంత భయపెట్టావు ఆ రాత్రి" అంది. "దెయ్యమనుకున్నాను. పిండి వాసన తగిలాకే మనిషివని తెలిసింది."

"నన్నా! ఊరంతా నిన్ను దెయ్యమనుకుని పంతొమ్మిదేళ్ళుగా దారి మార్చుకుని పోతుంటే!"

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు ఎన్నాళ్ళుగానో వాడకుండా పెట్టిన సామానులా కిర్రుమంది. లోపలికి రమ్మని, పొయ్యి దగ్గర పీట చూపించింది. ద్రాక్షసారా కాస్త పోసింది.

"పాన్‌ఫిలోని కుక్క కరిచినప్పుడు మంచుతో దారి మూసుకుపోయింది. సూదిమందు పట్నంలో ఉండిపోయింది. రొట్టె నేనే అదిమాను, నేనే కాల్చాను. తీరా చూస్తే పై వరుస నడిమి అక్షరం పడలేదు. రాతిలో నాచు పట్టింది, అందుకని. మళ్ళీ కనుమ ఎక్కే ఓపికలేక, ఒక్క అక్షరమేలే అని అదే పెట్టాను. ముప్పై రెండో రోజున పోయాడు." గుక్క మింగింది. "మళ్ళీ ఎవరికీ అలా కాకూడదని మేకు పెట్టి గీకుతున్నా, వానలు మొదలైన దగ్గర్నుంచి మంచు పడేదాకా. రాతి దగ్గర మాట్లాడకూడదు గదా, ఎవరు పిలిచినా పలకలేదు."

"నీ పుణ్యమే వదినా. చూడు ఎంత బాగా పడ్డాయో." రొట్టెముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ సగం వేలితో తడిమింది. ఆగింది. మళ్ళీ తడిమింది.

"ఇది ఏ వరుస?"

"పై రెండూ. గుమ్మానికి కట్టినవి."

"పైవా?" గొంతు మారిపోయింది. "పైవి నాకు అందవు, వెనాంజియో. నడుం వంగి ఆరేళ్ళయింది. కింది మూడే గీకుతున్నా. పైవి నాచుకి వదిలేశాననే దిగులుతోనే చచ్చిపోతున్నా. ఆ రాత్రి నీ కుక్క కూడా నా మూలంగానే పోతుందనుకున్నా... నువ్వు గీకావా?"

"నేనా? నేను ముద్ద ఆనించి వచ్చేశాను, అంతే."

అనేసి వెనాంజియో ఆగిపోయాడు. నెత్తి మీద నుంచి నెమ్మదిగా, బరువుగా వచ్చిన ఆ చప్పుడు గుర్తొచ్చింది. కిందిది ఆగాక కూడా ఇంకో మూడుసార్లు... టోపీ మీద రాలిన నాచు.

పాన్‌ఫిలో ఊళ్ళోకెల్లా పొడగరి. ఏ గుమ్మంలోనైనా తల వంచి దూరేవాడు.

అడగకుండానే దొమితిల్లకి అర్థమైనట్టుంది. పొరలు కమ్మిన కళ్ళు ఎటో చూస్తున్నాయి. సగం వేలు పై వరుస వెంట జరిగి, నడిమి అక్షరం మీద ఆగింది. అది అన్నిటికన్నా ఎత్తుగా లేచి ఉంది.

"కోపం ఉన్నవాడు వస్తాడా, వదినా?" అన్నాడు వెనాంజియో మెల్లగా.

ఆవిడ వేలు తియ్యలేదు.

"ఆరేళ్ళు... అది గోడల మారుమోతే అనుకున్నా" అంది. "పక్కనే నిలబడ్డాడు... నేను ఒక్కసారి కూడా పలకరించలేదు."