పన్నెండో పతకం మీద బొటనవేలు

పతకాల వ్యాపారి చనిపోయింది సరిగ్గా ఉదయం పదీ పదికి. కంటికి భూతద్దం బిగించుకుని, ఏదో పాత కోట ముట్టడి మీద వేసిన కంచు పతకాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూస్తున్నాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఒక్కసారే దగ్గింది. మనిషి బల్ల మీదకి ఒరిగిపోయాడు. పతకం మాత్రం కింద పడలేదు. ప్రాణం పోయినా రెండు వేళ్ళ మధ్య దాని అంచు వదల్లేదు ఆయన.

గంట తర్వాత హెడ్‌క్వార్టర్స్ మూడో అంతస్తులో చీఫ్ ఫైలు తెరిచాడు.

"నిన్న సాయంత్రం ఆ ముసలాయన మనకి ఫోన్ చేశాడు. ఒకే ముక్క చెప్పి పెట్టేశాడు. 'పతకం పట్టుకోవడం తెలిసినవాణ్ణి పంపండి' అని. ఈ బిల్డింగ్‌లో అలాంటివాడివి నువ్వొక్కడివే."

ఏజెంట్ నైన్ తల ఊపాడు. "ఎవరి పని సార్?"

"యాంకర్ రింగ్, ఆ గూఢచారి ముఠా. మన యుద్ధాల జ్ఞాపకార్థం పన్నెండు కంచు పతకాల సెట్ ఒకటి ఉంది కదా, దాన్ని ఈ మధ్యాహ్నం వేలంలో చేతులు మారుస్తున్నారు. పన్నెండో పతకం డొల్ల. లోపల మైక్రోఫిల్మ్. అందులో బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళందరి చిట్టా."

"ఎవరిచ్చిన సమాచారం?"

"పెర్ల్."

నైన్ పెదవి విరిచాడు. పెర్ల్ వాళ్ళకీ పనిచేస్తుంది, వీళ్ళకీ పనిచేస్తుంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి కూడా హైహీల్స్ తడవనివ్వని మనిషి.

"పన్నెండోది ఏ యుద్ధం సార్?" తెలిసే అడిగాడు.

"వంతెన," అన్నాడు చీఫ్, ఫైల్లోంచి తలెత్తకుండా.

ఆ పతకం నైన్ దగ్గర కూడా ఒకటుంది. కొన్న రోజే గుడ్డలో చుట్టి సొరుగు అడుక్కి తోసేశాడు. ఒకవైపు మూడు స్తంభాల వంతెన, రెండోవైపు 'విజయం' అన్న మాట. పదకొండేళ్ళ కిందట ఆ వంతెనకి ఇవతలి గట్టున రేడియో పెట్టె ముందు కూర్చున్నది అతనే. అవతలి గట్టు నుంచి శత్రువుల ట్యాంకులు వస్తున్నాయి. మధ్యలో, వంతెన మీద, మందుపాతర వైర్లు సరిచూస్తూ సొంత అన్న. సాయంత్రం నాలుగూ పదికి పేల్చమని ఆర్డర్. నాలుగూ పదికి రేడియోలో అన్న గొంతు: "ఒక్క నిమిషంరా చిన్నోడా!" అతను స్విచ్ నొక్కేశాడు. అన్న శవం దొరకలేదు. ఆ తర్వాత ఏ ఫోన్ గరగరలాడినా, ఏ రేడియో స్టేషన్ తప్పినా ఆ మాటే వినబడేది. పెళ్ళి చేసుకోలేదు. వదినకి ఆ నిమిషం సంగతి చెప్పలేదు. ఆవిడ పెట్టిన అన్నం మాత్రం తలవంచుకుని తినొచ్చేవాడు.

పతకాల పిచ్చి అన్నదే. చిన్నప్పుడు బిస్కట్ల డబ్బా నిండా యుద్ధ పతకాలు పోగేశాడు. ఆ డబ్బా మూత కోసుకునే అన్న కుడి బొటనవేలి మీద ఏటవాలుగా గాటు పడింది. "అంచు పట్టుకో, ముఖం మీద వేలు పెట్టకు. కంచు మర్చిపోదురా," అనేవాడు. పొరపాటున ఎవరి వేలైనా పడిందా, ఆ పతకాన్ని విడిగా ఒక అగ్గిపెట్టెలో పడేసేవాడు. ఇక దాన్ని ఇంట్లో ఎవ్వరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మొట్టికాయ.

వేలం హాల్లోకి నైన్ గూనివాడిలా వెళ్ళాడు. తెల్లగడ్డం, చేతికర్ర, కళ్ళజోడు కొసలో కెమెరా. బూడిదరంగు కోటు వేసుకున్న మనిషి పక్కకొచ్చి కూర్చున్నాడు.

"అంచు మీద నంబరుందా?"

"ఉంది. చదివే కళ్ళు కావాలి," పెర్ల్ నేర్పిన సంకేతం అప్పజెప్పాడు నైన్.

అంతే. పెట్టె చేతిలోకి వచ్చేసింది. వెంటపడినవాడు లేడు, తుపాకీ తీసినవాడు లేడు. అది నైన్‌కి నచ్చలేదు. ఇరవై మందిని తన్ని తెచ్చుకోవాల్సిన సరుకు కూరగాయల సంచిలా చేతికిచ్చి పోయాడేమిటి?

బయట కార్లో పెర్ల్ నవ్వింది. మెళ్ళో మూడు పేటల ముత్యాలు. "సీలు విప్పకండి. మూత తప్పుగా తెరిస్తే ఫిల్మ్ కాలిపోతుంది. ఆ కిటుకు నాకొక్కదానికే తెలుసు. మీ పెద్దలందరి ముందూ తెరుస్తాను."

నాలుగు దాటుతుండగా కాన్ఫరెన్స్ రూంలో ఏడుగురు సెక్షన్ హెడ్లు బల్ల చుట్టూ చేరారు. పెర్ల్ హెయిర్‌పిన్‌తో మూత తెరిచింది. నల్ల వెల్వెట్ గుంటల్లో పన్నెండు పతకాలు.

"పన్నెండోది పైకి తీస్తే వెనకాల మర కనిపిస్తుంది. ఒక్క క్షణం, కార్లో గ్లోవ్స్ మర్చిపోయాను." చిరునవ్వుతో తలుపు వైపు నడిచింది.

చీఫ్ పతకం అంచు కిందకి గోళ్ళు దూర్చాడు. నైన్ చూడకూడదనుకుంటూనే వంతెన వైపు చూశాడు. మూడో స్తంభం మీద కోడిగుడ్డు ఆకారంలో నల్లటి మచ్చ. వంగి భూతద్దం పెట్టాడు. సన్నటి గీతలు, వాటిని కోసుకుంటూ ఏటవాలుగా ఒక గాటు.

ఈ పతకం పోతపోసి రెండేళ్ళు కాలేదు. చనిపోయినవాడి వేలు దీని మీదకి ఎలా వచ్చింది? అదీ ముఖం మీద! బతుకులో ఏ పతకం ముఖమూ ముట్టుకోని వేలు!

ముట్టుకోవద్దురా.

"సార్, ఒక్క నిమిషం!"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నైన్‌కి తెలియడానికి అరక్షణం పట్టింది. అప్పటికే పతకం వెంట్రుకవాసి లేచింది. కింద 'టిక్' మంది. నైన్ బొటనవేలితో పతకాన్ని గుంటలోకి అదిమేశాడు.

"ఎవరూ కదలకండి. కింద స్ప్రింగ్ ఉంది. ఆవిణ్ణి పట్టుకోండి!"

గార్డు పెర్ల్ రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

"రండి మేడం. నా వేలు నొప్పెడుతోంది, మీరు కాసేపు పట్టుకుంటారా?" అన్నాడు నైన్.

పెర్ల్ ముఖంలో రంగు పోయింది. గోడకి జారగిలబడింది. "ఎలా తెలిసింది? పెట్టె కట్టిన రోజు ప్రతి పతకాన్నీ లెన్స్ పెట్టి నేనే చూశాను. ఒక్క మరక లేదు!"

"ఎన్నాళ్ళయింది?"

"ఇరవై రోజులు."

"వేలి చెమట కంచు మీద నల్లగా తేలడానికి అంత టైం పడుతుంది. పతకాలు ప్రేమించేవాళ్ళకి తెలుస్తుంది అది. వేలానికి ముందు తనిఖీ చేసిన వ్యాపారికీ తెలిసింది, మాకు ఫోన్ చేశాడని చంపారు. ఈ పెట్టె అమర్చిందెవరు?"

"ఒక ఖైదీ. కుంటివాడు. వంతెన దగ్గర నీళ్ళలో దొరికాడట. పదకొండేళ్ళుగా రింగ్ వర్క్‌షాపులో పతకాలకి మెరుగు పెడుతున్నాడు."

"బతికున్నాడా?" అన్నాడు నైన్.

"పెట్టె బయల్దేరిన రోజు బతికే ఉన్నాడు. ఆ తర్వాత... నిజంగా నాకు తెలీదు."

పెర్ల్‌ని తీసుకెళ్ళారు. గది ఖాళీ చేశారు. బాంబ్ స్క్వాడ్ పెట్టె అడుగు కోసి స్ప్రింగ్ విప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ నైన్ వేలు తీయలేదు. చీఫ్ కూడా గది దాటలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి నైన్ ఆ ఒక్క నిమిషం గురించి ఇంకో మనిషికి చెప్పాడు.

"ఆ ఆర్డర్ ఇచ్చింది నేనయ్యా," అన్నాడు చీఫ్. "నువ్వడిగావు కాబట్టి ఇవాళ నిమిషం ఆగాను. ఆ రోజు మీ అన్న అడిగింది నాదాకా రాలేదు."

"నేను పంపలేదు సార్," అన్నాడు నైన్. ఏడ్చాడు. వేలు మాత్రం అదిమే ఉంచాడు.

మర్నాడు మ్యూజియం నుంచి ఫోన్ వచ్చింది. చరిత్రాత్మకమైన పతకం కదా, మచ్చ తుడిచి పాలిష్ పెట్టి అద్దాల బీరువాలో ఉంచుతామన్నారు. దాని మీద గుడ్డ పెట్టిన చెయ్యి విరుగుతుందని నైన్ చాలా మర్యాదగా చెప్పాడు.

పెర్ల్ నోరు విప్పి వర్క్‌షాపు జాడ చెప్పేసరికి రెండు వారాలు పట్టింది. బయల్దేరే రోజు నైన్ వదిన దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాడు. ఆవిడ తిట్టలేదు, ఓదార్చలేదు. పతకాన్ని అంచు పట్టుకుని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"రెండున్నాయేం?" అంది.

మూడో స్తంభం మీద గాటున్న బొటనవేలు. దాని పక్కనే ఇంకొకటి, ఇంకా పూర్తిగా నల్లబడలేదు.

"రెండోది నాది వదినా."

"ముఖం మీద వేలు పెట్టావా? మీ అన్న చూస్తే ఊరుకుంటారా?"

"మొట్టికాయ వేస్తాడు," అన్నాడు నైన్, పతకం జేబులో వేసుకుని సంచి భుజానికెత్తుకుంటూ. "దానికోసమే వెళ్తున్నా."