నారింజ రంగు గీత

ఆర్విడ్ ల్యుంగ్రెన్‌కి రెండు పనులు బాగా వచ్చు. ఒకటి విమానం కట్టడం, రెండోది నోరు మూసుకుని ఉండడం. మొదటిదానికి ఊరంతా మెచ్చుకుంది. రెండోదాని సంగతి ఊరికి తెలియదు.

విస్కాన్సిన్‌లో ఆ మూల ఆవులు, మొక్కజొన్న చేలు తప్ప ఇంకేమీ ఉండవు. గడ్డి రన్‌వే పక్కన పదకొండు రేకుల షెడ్లున్నాయి. ఒక్కో షెడ్డులో ఒక రిటైరైన మనిషి, ఒక సగం విమానం. కొందరు పన్నెండేళ్ళుగా ఒకే రెక్కకి రివెట్లు కొడుతూ ఉంటారు. భార్యలు మొదట్లో పోట్లాడతారు, ఆ తర్వాత థర్మాసులో కాఫీ పోసి పంపేసి ఊరుకుంటారు. వెన్న ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు యంత్రాలు బాగుచేసిన ఆర్విడ్‌కి భార్య లేదు. కాఫీ తనే కాచుకుని పొద్దున్నే ఏడో నంబరు షెడ్డుకి వచ్చేవాడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం బీమా ఏజెంటు గ్రెచెన్ ఆ షెడ్డుకి వచ్చింది. కొత్త విమానం పూర్తయింది, మంచు కరగ్గానే ఎగరేయాలి, దానికి ముందు బీమా కావాలి. ఆవిడ విమానం చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుంది.

"ఎన్నాళ్ళు పట్టిందండీ?" అని అడిగింది.

"ఎవరో సగంలో వదిలేసింది కొన్నాను. మిగతా సగానికి మూడేళ్ళు."

"మా ఆయన వంటింటి అలమర తలుపు బిగిస్తానని ఐదేళ్ళయింది. మిమ్మల్ని ఒకసారి మా ఇంటికి తీసుకెళ్ళాలి." నవ్వుకుంటూ కాగితాలు తీసింది. "పక్క సీట్లో ఎవరైనా ఎక్కుతారా?"

"పరీక్షలన్నీ అయ్యాక, వేసవిలో. లవోన్ అని... మా మైలో భార్య. మైలో చివరిసారి పైనుంచి ఏం చూశాడో తనూ చూడాలట."

గ్రెచెన్ నవ్వు ఆపేసింది. మైలో సంగతి ఆవిడకీ తెలుసు. తొమ్మిదేళ్ళు ఇద్దరూ కలిసి కట్టిన పాత విమానం, మూడున్నరేళ్ళ కిందట మే నెలలో ఒక శనివారం పొద్దున, గాలీ వానా లేని ఆకాశంలోంచి ముక్కు కిందికి పెట్టి సోయా చేలో పడింది. మైలో కుబెష్ పోయాడు.

"అడక్క తప్పదు, ఏమనుకోకండి. ఆ ప్రమాదంలో మరమ్మతు లోపం ఏమైనా తేలిందా?"

"తేలలేదు."

"అయితే లేదని రాస్తున్నాను. ఇక్కడ సంతకం పెట్టండి."

తేలిందా అని ఆవిడ అడిగింది. ఉందా అని కాగితం అడిగింది. ఆ తేడా ఆర్విడ్‌కి చక్కగా తెలుసు. తెలిసే సంతకం పెట్టాడు.

"మంచు ముంచుకొస్తోంది, మీరూ తొందరగా బయల్దేరండి ఆర్విడ్ గారూ," అని ఆవిడ కారెక్కి వెళ్ళిపోయింది.

బయల్దేరి ఉంటే బాగుండేది. కానీ ఒక కప్పు కాఫీ తాగి వెళ్దామని స్టూలు మీద కూలబడ్డాడు. ఆ రోజు సంగతి మళ్ళీ మొదట్నుంచీ కళ్ళ ముందు తిరగడం మొదలైంది.

విమానాలు కట్టేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. నట్టు పూర్తిగా బిగించి, ఊడకుండా పిన్ను పెట్టి, అప్పుడు నట్టు మీంచి బోల్టు మీదికి సన్నగా ఒక రంగు గీత గీస్తారు. గీత ఉందంటే బిగించినట్టే. ఎగిరే ముందు చూసే మనిషి మళ్ళీ రెంచి పట్టుకోడు, గీత చూసుకుని ముందుకి వెళ్తాడు. ఆ రంగు ట్యూబుతో ఒకటే చిక్కు, మూత తీస్తే కాసేపట్లో ఎండిపోతుంది. ఆర్విడ్‌ది పిసినారి చెయ్యి. ఏడాదికోసారి చేసే తనిఖీ రోజున, ట్యూబు తెరిచాను కదా అని అన్ని నట్లకీ ఒకేసారి గీతలు పెట్టేశాడు. తోక రెక్కని కదిలించే కడ్డీ దగ్గర ఒక నట్టుని అప్పటికింకా చేత్తో తిప్పి ఉంచాడంతే. దానికీ పెట్టేశాడు. తర్వాత బిగిద్దాంలే అనుకున్నాడు.

అప్పుడే మైలో గుమ్మంలోంచి కేకేశాడు. "ఒరేయ్, ఇవాళ శుక్రవారం, హోటల్లో చేపల విందురా! మనం వెళ్ళేసరికి ఆ ముసలి ముఠా చేపలన్నీ మింగేస్తుంది. పుస్తకంలో సంతకం గీకి రారా బాబూ!"

ఆ విమానానికి తనిఖీ సంతకం పెట్టే హక్కు ప్రభుత్వం ఒక్క ఆర్విడ్‌కే ఇచ్చింది. గీకాడు. వేయించిన చేపలు తిన్నారు, బ్రాందీ తాగారు, ఆవుల మీద జోకులు వేసుకున్నారు. నట్టు మాట మరిచిపోయాడు. తెల్లవారి ఆరింటికి మైలో ఒక్కడే వచ్చి, నారింజ గీత చూసుకుని, స్నేహితుణ్ణి నమ్మి ఎగిరాడు.

చేలో పొగ చూసి అందరికంటే ముందు పరిగెత్తింది ఆర్విడే. కడ్డీ ఒకవైపు వేలాడుతోంది. అక్కడ బోల్టు లేదు. ఆర్విడ్ కోటు జేబులో ఎప్పుడూ బోల్టులుంటాయి. ఒకటి పెట్టాడు, నట్టు బిగించాడు, పిన్ను పెట్టాడు. పోలీసులు వచ్చేసరికి అంతా సవ్యంగా ఉంది. విమానంలో లోపం లేదని, తప్పు నడిపినవాడిదేనని తేల్చారు. బీమా డబ్బు వచ్చింది. మైలో వాటా కూడా ఉంచుకోమని లవోనే బతిమాలి ఇచ్చింది. "ఇంకోటి కట్టు ఆర్విడ్, ఆయన సంతోషిస్తాడు," అంది. ఆ డబ్బుతో కట్టిందే ఎదురుగా మెరుస్తున్న ఈ విమానం. దాన్ని చూస్తే ఆర్విడ్‌కి తన మీద తనకే అసహ్యం వేసేది. అయినా కట్టడం ఆపలేదు, నిజం చెప్పనూ లేదు.

నాలుగున్నరకే చీకటి పడింది. మంచు రేకుల మీద పడుతూ సన్నగా గీరుతున్న చప్పుడు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. హీటరు ఫ్యాను గుయ్యిమని తిరిగి తిరిగి ఆగిపోయింది. ఆర్విడ్ తడుముకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళి తోశాడు. బయట గాలికి కొట్టుకొచ్చిన మంచు పేరుకుని తలుపు వేలెడంత కూడా కదల్లేదు. సరే, గాలి తగ్గాక చూద్దామనుకుని టార్చి వెలిగించాడు.

అప్పుడు వాసన వచ్చింది. గోళ్ళ రంగు లాంటి ఘాటైన వాసన. ఆ ట్యూబు వాసన.

ఆ మే నెల తర్వాత ఆర్విడ్ నారింజ రంగు ముట్టుకోలేదు. కొత్త విమానంలో ఉన్నవన్నీ పసుపు గీతలే. తోక దగ్గరికి వెళ్ళి టార్చి వేసి చూశాడు. పసుపు గీత లేదు. దాని చోట నారింజ గీత. వేలు పెట్టాడు. తడి అంటింది.

నట్టుని పట్టుకుని తిప్పాడు. చేతితోనే తిరిగింది. పిన్ను లేదు.

గబగబా రెంచి తెచ్చి బిగించాడు, కొత్త పిన్ను పెట్టాడు. టార్చి పక్కకి తిప్పాడు. ఇంకో నారింజ గీత... అదీ వదులే. బిగించాడు. ఇంకొకటి. వెనక్కి తిరిగి చూస్తే మొదట బిగించిన నట్టు మీద గీత మళ్ళీ తడిగా మెరుస్తోంది. పట్టుకుంటే తిరిగింది. 

టక్.

చప్పుడు సీట్ల దగ్గర్నుంచి వచ్చింది. సీట్ల మీది అద్దాల మూత మూసే ఉంది. లోపలి వైపు ఆవిరి పట్టి తెల్లగా ఉంది. ఖాళీ విమానంలో ఆవిరి ఎందుకు పడుతుంది?

తోక రెక్క మెల్లగా లేచింది. పైకి పోయి... ఆగింది. దిగింది. ఆగింది.

 అది ఆర్విడ్‌కి తెలిసిన పనే. ఎగిరే ముందు ఒకడు లోపల కూర్చుని విమానం నడిపే స్టిక్కు కదుపుతాడు, ఇంకొకడు బయట నిలబడి తోక చూస్తాడు. లోపలివాడు "ఎలా ఉంది?" అంటాడు. బయటివాడు "బాగుంది" అంటాడు. ఎగిరిన ప్రతిసారీ మైలో, తనూ చేసింది అదే.

తోక రెక్క మళ్ళీ పైకి లేచి అలాగే ఉండిపోయింది. ఎదురుచూస్తోంది.

"ఎలా ఉంది?"

గాలి కన్నా కొంచెం పెద్ద గొంతు, అంతే.

 పోలీసులతో అన్నాడు బాగుందని. లవోన్‌తో అన్నాడు. మధ్యాహ్నం గ్రెచెన్‌తో కూడా అన్నట్టే. ఇప్పుడు ఆ ఒక్క ముక్క గొంతు దాటి రావడం లేదు.

"మైలో... నువ్వేనా?"

రెక్క కిందికి వెళ్ళి పైకి వచ్చింది.

"ఎలా ఉంది?"

"బాగాలేదు," అని ఆర్విడ్ గుసగుసగా అన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "బాగాలేదురా. నేను బిగించలేదు. చెప్పేస్తాను. లవోన్‌కి ఇప్పుడే చెప్పేస్తాను."

ఫోను తీసి నంబరు నొక్కాడు. రెండో రింగుకే ఎత్తింది.

"ఈ మంచులో ఇంకా షెడ్డులోనే ఉన్నావా? నీకేమైనా పిచ్చా, ఆర్విడ్?"

"లవోన్, మైలో తప్పేం లేదు. నేను... నేను ఒక నట్టు బిగించలేదు."

చెప్పాడు. గీత సంగతి, చేపల సంగతి, జేబులోంచి తీసిన బోల్టు సంగతి.  ఆవిడ అంతా విని అంది.

"ఆ పొద్దున మేం పోట్లాడుకున్నాం. 'ఆ విమానంతోనే కాపురం చెయ్యి పో, మళ్ళీ ఈ గడప తొక్కకు' అన్నాను. ఆయన ఆ మాట పట్టుకునే కావాలని పడ్డాడనుకున్నాను. మూడేళ్ళు, ఆర్విడ్. ప్రతి ఆదివారం నా ఇంట్లో సూపు తాగావు. నేను ఏడుస్తుంటే పక్కనే కూర్చుని చూశావు."

"చూశాను."

"నువ్వు మనిషివేనా?"

ఆర్విడ్ చేతిలోని టార్చి నేల మీద పెట్టాడు.

ఆవిడ గొంతు తగ్గించింది. "నీకొకటి చెప్పనా? ఎవరికీ చెప్పలేదు, పిచ్చిదంటారని. మైలో ఇక్కడే ఉన్నాడు. పాతిపెట్టిన రోజు నుంచీ వంటింట్లో తన కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. గోడ వైపు తిరిగి. నా మీద కోపం అనుకున్నాను. ఇప్పుడు నువ్వు చెప్తుంటే... నా వైపు తిరిగాడు."

ఆర్విడ్ చెవికి ఫోను గట్టిగా నొక్కుకున్నాడు.

"ఇంకా ఒకటి దాచావట. అడగమంటున్నాడు. బోల్టు పెట్టే ముందు ఆయన్ని ముట్టుకుని చూశావా?"

ఇది ఎవరికీ తెలియదు. తలచుకోవడానికే భయపడి ఇన్నాళ్ళూ తన మనసులోకి తనే రానివ్వలేదు.

"లేదు. ముందు బోల్టే పెట్టాను. మైలో కళ్ళు తెరిచే ఉన్నాయి. నా చేతుల వైపే ఉన్నాయి. బతికున్నాడేమో అని... చూడలేదు, లవోన్. కావాలనే చూడలేదు."

అవతల ఆవిడ ఏడ్చింది. తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది.

"బల్ల మీద తల వాల్చి నిద్రపోయాడు," అంది చివరికి. "ఈ మూడేళ్ళలో కునుకు తీయడం ఇదే మొదలు. నువ్వింక ఈ ఇంటికి రాకు. ఫోను కూడా చెయ్యకు."

పెట్టేసింది.

ఆర్విడ్ నేల మీద కూర్చుండిపోయాడు. సిగ్గుతోనూ, బరువు దిగిన హాయితోనూ వెక్కి వెక్కి ఏడ్చాడు. మైలో నిద్రపోయాడు. అది చాలు. రేపు గ్రెచెన్‌కి చెప్తాడు, పోలీసులకి చెప్తాడు, ఏ శిక్ష వేస్తే అది పడతాడు.

కాసేపటికి ఏడుపు ఆగింది. గాలి కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఒక ఆలోచన మెల్లగా తలకెక్కింది.

మైలో మూడేళ్ళుగా ఆ కుర్చీ వదల్లేదు. ఇందాకా అక్కడే ఉన్నాడు. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు.

టక్.

ఆర్విడ్ తలెత్తాడు. తోక రెక్క పైకి లేచి ఆగింది.

"నువ్వు ఎవరు?"

 టార్చి ఎత్తి అద్దాల మీదికి వేశాడు. లోపల పట్టిన ఆవిరిని ఎవరో అరచేత్తో తుడుస్తున్నారు, నిదానంగా, బయటికి చూడడానికన్నట్టు. ఎడమ సీటు వైపు, తను కూర్చోవలసిన చోట, ఒక చెయ్యి. కుడి సీటు వైపు, వేసవిలో లవోన్ ఎక్కాల్సిన చోట, ఇంకొకటి.