కరిగిపోయిన కొండలు

"బొమ్మ పాడుచేసింది నేనేనంటున్నారండీ," అంది డిటెక్టివ్ దగ్గరికి వచ్చిన అమ్మాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆమె ఒక పేరున్న చిత్రకారిణికి శిష్యురాలు. రేపటి ప్రదర్శన కోసం గురువుగారు వేసిన కొండల చిత్రం మీద పొద్దున ఎవరో నీళ్ళు కుమ్మరించారు. స్టూడియో తాళంచెవులు గురువుకీ, ఈ అమ్మాయికీ తప్ప ఇంకెవరికీ లేవు.

"ఒప్పుకోకపోతే మళ్ళీ గడప తొక్కొద్దన్నారు గురువుగారి తమ్ముడు. ఆవిడేమో అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నాకదే ఎక్కువ బాధగా ఉంది."

డిటెక్టివ్ లేచి చెప్పులేసుకున్నాడు. జనం ఆయన్ని భూతద్దం అంటారు గానీ, ఆయన చేతిలో భూతద్దం ఎప్పుడూ వెంట ఉండే అసిస్టెంటు కూడా ఏనాడూ చూసి ఎరగడు.

స్టూడియోలో చిత్రం ఇంకా తడిగానే ఉంది. నల్లటి కొండలూ నీలం మంచూ కలిసిపోయి బురదనీళ్ళలా కిందికి జారాయి. చూడగానే అసిస్టెంటు ప్రాణం ఉసూరుమంది. డిటెక్టివ్ మాత్రం కిటికీ పక్కనున్న సిరా నూరే రాయి మీద వేలితో రుద్దాడు. దుమ్ము అంటింది.

"సిరా ఎవరు నూరుతారు?"

"నేనేనండీ. చైనా పద్ధతిలో సిరాకడ్డీ అరగదీసి ముందు కొండలు వేస్తారు. అవి ఆరాక ఇప్పటి నీటిరంగులతో మంచు, ఆకాశం. ఈ బొమ్మప్పుడు మాత్రం నన్ను లోపలికే రానివ్వలేదు."

"అదీ కడుపుమంట. ఇంకేం సాక్ష్యం కావాలి?" అన్నాడు అక్కతోపాటు అక్కడే ఉన్న తమ్ముడు.

చిత్రకారిణి కాఫీ కప్పు రెండు చేతులతో ఎత్తి, తాగకుండానే దించేసింది.

డిటెక్టివ్ అందరినీ కూర్చోబెట్టాడు. శిష్యురాలు ఎప్పుడో అభ్యాసానికి వేసుకున్న కొండల బొమ్మ ఒకటి తీసి, దానిమీద గ్లాసుడు నీళ్ళు పోశాడు. మంచు కరిగి కారిపోయింది. కొండలు ఉన్నచోటే ఉన్నాయి.

"నూరిన సిరా ఆరిందంటే నీళ్ళకు కదలదు. మరి ఆ కొండలెందుకు కరిగాయి? అవి ట్యూబులోని నల్లరంగుతో వేసినవి. సిరా గీతను దిద్దలేం. నీటిరంగైతే తడికుంచెతో తుడిచి మళ్ళీ వేసుకోవచ్చు. చెయ్యి వణికేవాళ్ళకు ఆ వెసులుబాటు కావాలి," అన్నాడాయన. ఎవరివైపూ చూడలేదు. అసిస్టెంటు మాత్రం ఆ కప్పు వైపు చూశాడు.

"నేనే పోశాను," అంది చిత్రకారిణి. "దిద్ది దిద్ది కొండల్ని చంపేశాను. వాటిని పదిమందికీ చూపించలేకపోయాను. నా చెయ్యి పోయిందని చెప్పడానికి సిగ్గేసింది."

తమ్ముడు తల దించుకున్నాడు.

"మీ సిగ్గు దాచుకోవడానికి నన్ను దోషిని చేస్తారా?" అని అడిగింది శిష్యురాలు.

"తప్పేనమ్మా, చాలా పెద్ద తప్పు." చిత్రకారిణి సిరా రాయిని శిష్యురాలి ముందుకు జరిపింది. "కొండలు నువ్వు వెయ్యి. మంచు నేను వేస్తాను. కింద ఇద్దరి పేర్లూ రాద్దాం."

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. అరచేత్తో రాయి మీది దుమ్మూ తుడిచింది.

"ముందు సిరా, తర్వాతే కదండీ రంగు. నా పేరే ముందుండాలి."

"అలాగేలేవే," అంది గురువు. అమ్మాయి నీళ్ళు చిలకరించి సిరా నూరడం మొదలుపెట్టింది.